మూడు మీటర్ల కాన్వాయ్

మార్చి 24, మంగళవారం

రామకాంత్ గారు ఫోన్ చేశారు. ఎనిమిది లైట్లు కావాలట. ఎనిమిదీ ఒకేసారి వెలగాలట, ఒకేసారి ఆరాలట.

వెలగవు అన్నాను.

ఆయన గుంటూరులో కెమిస్ట్రీ లెక్చరర్. కాదు అనే మాట వినే అలవాటు లేదు. వెనక బెంచీ వాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పారు. ఏప్రిల్ ఇరవై ఐదున మోడల్ ఎగ్జిబిషన్, ఈసారి మిలటరీ కాన్వాయ్ పెడుతున్నాను, ఎనిమిది బండ్లూ ఒక్కసారి భగ్గుమంటే జడ్జీల కళ్ళు చెదిరిపోవాలి నస్రత్ గారూ అని. కళ్ళు చెదిరేదాన్ని కాన్వాయ్ అనరండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక కాస్త గట్టిగా అన్నానేమో అనిపించింది. టీ తాగాక, లేదు, సరిగ్గానే అన్నాను అనిపించింది.

ఈ డైరీ మొదటి పేజీలో పేరు, వయసు, వృత్తి, బ్లడ్ గ్రూప్ అని అచ్చేసి ఉంది. జనవరిలో వృత్తి దగ్గర ఖాళీ వదిలేశాను. ఇప్పుడు కోపంగా ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. నస్రత్. నలభై ఒకటి. చిలకలూరిపేట. ఐటీఐ ఎలక్ట్రానిక్స్. తొమ్మిదేళ్లు బస్టాండ్ దగ్గర సెల్ రిపేరు షాపు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, బొమ్మ మిలటరీ బండ్ల నెత్తిన పెట్టే వార్నింగ్ లైట్లు చేస్తాను. అసలు లైటులో ముప్పై ఐదో వంతు. మొత్తం కలిపి కందిగింజంత. లోపల ఎల్‌ఈడీ ఆవగింజలో సగం, దానికి వెంట్రుక మందం రాగితీగలు రెండు, పైన రెసిన్‌తో పోసిన ఆరెంజ్ బుడ్డి. పెళ్ళి సంగతి ఈ డైరీలో రాయను.

రామకాంత్ గారి బండ్లకి రెండేళ్లుగా లైట్లు నావే. ఆ బండ్లు రెండుసార్లు కప్పు కొట్టాయి. డబ్బు టైముకి వేస్తారు, ఆ విషయంలో నాకు పేచీ లేదు. పేచీ ఇంకొకటుంది. రేపు రాస్తాను.

మార్చి 25, బుధవారం

రాయబుద్ధి కాలేదు.

మార్చి 27, శుక్రవారం. మధ్యాహ్నం 2.30

లైటు పరీక్ష చేయాలంటే చీకటి కావాలి. మా ఇంట్లో పగలు చీకటి ఒక్కచోటే ఉంటుంది, బొంత కింద.

అమ్మ పేరు జాన్‌బీ. యాభై ఏళ్లుగా బొంతలు కుడుతోంది. నాన్న ఉన్నప్పుడు ఆయన దూది ఏకేవాడు, ఈమె కుట్టేది. ఇప్పుడు దూది మిల్లు నుంచి ఏకే వస్తుంది, కుట్టు మాత్రం ఇంకా ఈమెదే. కాబట్టి మా ఇంట్లో బొంతలకి కరువు లేదు. రెండు బొంతలు కప్పుకుని, బ్యాటరీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బయట నలభై డిగ్రీలు. లోపల ఎంతో నాకు తెలీదు, చెమట మోచేతుల మీంచి కారుతోంది. అమ్మ వచ్చి, ఏమే నస్రత్తూ, పట్టపగలు బొంత కప్పుకున్నావేందే, జొరమా అని అరిచింది. లైటమ్మా అన్నాను. లైటుకి జొరమా అని అడిగింది. ఆమెకి అంతా తెలుసు, కావాలనే.

నాలుగోసారి వెలిగింది. అందంగా వెలిగింది. వెలిగి, తిరుగుతున్నట్టు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మెల్లగా సాగి ఆరింది. సరిగ్గా అప్పుడే మా మలుపులో స్పీడ్ బ్రేకర్ మీద మిర్చి టిక్కీల లారీ ఎగిరింది. ఆ ఘాటు బొంత లోపలికి కూడా వచ్చింది. తుమ్మాను. పక్కన కాగితం మీద పెట్టుకున్న ఎల్‌ఈడీ పోయింది. గంటన్నర వెతికాం, ఇద్దరం నేల మీద పాకుతూ. దొరకలేదు. ఈ సీజన్‌లో ఇది ఆరోది.

మార్చి 30, సోమవారం

ఒకేసారి ఎందుకు వెలగవో రాసి పెట్టుకుంటాను. వాదనలో నాకు కోపం ముందు వస్తుంది, పాయింటు తర్వాత వస్తుంది.

పోయిన అక్టోబరులో తుఫాను. బైపాస్ మీద చెట్టు పడి ట్రాఫిక్ ఆగిపోయింది. నేను పర్చూరు నుంచి వస్తూ బస్సులో చిక్కుకున్నాను. సాయంత్రం నాలుగింటికే చీకటి కమ్మింది. పక్క లైనులో సాయానికి పోతున్న మిలటరీ బండ్లు ఎనిమిది ఆగాయి. ముందు జీపు, వెనక లారీలు, మధ్యలో నీళ్ల ట్యాంకరు, అంబులెన్సు, చివర చెడిపోయిన బండ్లని లాగే రికవరీ బండి. ఇంతలో వాన ఎంత జోరందుకుందంటే ఇక బండ్లు కనపడలేదు. దీపాలు మాత్రమే కనపడ్డాయి. ఎనిమిది ఆరెంజ్ దీపాలు, ఒక్కోటి ఒక్కో ఎత్తులో.

బస్సులో అందరూ డ్రైవర్ని తిట్టుకుంటున్నారు. నేను లెక్కపెడుతున్నాను. మొదటిది పది సెకన్లకి పదిహేడుసార్లు. మూడోది పద్నాలుగు. రికవరీది పదకొండే, దీపాన్ని తిప్పే మోటారు పాతది కాబోలు. అన్నీ టికెట్ వెనక రాసుకున్నాను. ఏ రెండూ కలవలేదు. ఒక్కోసారి మూడు కలిసినట్టే కలిసి, వెంటనే విడిపోయేవి. ఇరవై నిమిషాలు చూశాను. నా జీవితంలో అంత మంచి ఇరవై నిమిషాలు ఎక్కువ లేవు.

ఏ బండి బ్యాటరీ దానిది, ఏ మోటారు అరుగుదల దానిది. అన్నీ కలిసి వెలిగేవి పెళ్ళి పందిట్లో సీరియల్ సెట్లు.

ఆరెంజ్ రంగు కుదరడానికి మూడు రోజులు పట్టింది. పసుపు ఎక్కువైతే తాలు మిరపకాయలా వెలవెలబోతుంది. ఎరుపు ఎక్కువైతే పోలీసు బండి.

ఏప్రిల్ 3, శుక్రవారం

గుడ్‌ఫ్రైడే సెలవని ఆయన ఇంట్లో ఉన్నారు. నాలుగు లైట్లు అగ్గిపెట్టెలో దూది వేసి పెట్టుకుని గుంటూరు వెళ్ళాను.

ముందు న్యాయంగా ఒక మాట. ఆయన బండ్లు అద్భుతం. టైర్ల మీద నల్లరేగడి బురద, అద్దం మీద వైపర్ తుడిచిన అర్ధచంద్రం, లారీ వెనక తాడుకి ముడి. ముడి! జానెడు బండికి. ఐదు నిమిషాలు నోరు తెరుచుకుని చూశాను, ఆయన గమనించి సంతోషపడ్డారు కూడా.

తర్వాత టికెట్ చూపించాను. లెక్కలు చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. మీరు చెప్పేది నిజమే కావచ్చు కానీ జడ్జీలు బైపాస్ మీద నిలబడలేదు కదా అన్నారు. ఒక్కోటి ఒక్కోలా వెలిగితే వైరింగ్ చెడిపోయిందనుకుంటారట.

అప్పుడు అసలు పేచీ బయటికి తీశాను. ఎగ్జిబిషన్‌లో మోడల్ పక్కన పెట్టే కార్డు మీద నా పేరు వేయండి అన్నాను. లైట్లు: నస్రత్, చిలకలూరిపేట. ఒక్క లైను.

నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, అదే ఎక్కువ మండింది. లైట్లు యాక్సెసరీ కదండీ అన్నారు. టైర్లు కంపెనీవి, రంగు కంపెనీది, అందరి పేర్లూ వేస్తే కార్డు చాలదు, మోడల్ అంటే బిల్డర్‌దే అన్నారు. వాళ్ళావిడ మజ్జిగ తెచ్చారు. తాగాను. అగ్గిపెట్టె మూసి బ్యాగులో వేసుకుని లేచాను. అదేంటండీ అన్నారు. యాక్సెసరీ ఇంటికి పోతోందండీ అన్నాను.

ఈ రోజు నుంచి ఈ డైరీలో ఆయనకి గారు తీసేస్తున్నాను. ఎవరికీ తెలీదు. నాకు తెలుస్తుంది, చాలు.

ఏప్రిల్ 4, శనివారం

మజ్జిగ తాగకుండా రావాల్సింది.

ఏప్రిల్ 8, బుధవారం

ఎగ్జిబిషన్ వాళ్ళకి ఫోన్ చేసి, నేను కూడా పెట్టవచ్చా అని అడిగాను. ఎవరైనా పెట్టవచ్చమ్మా అన్నారు. ఫారం వాట్సాప్‌లో పంపారు.

స్కేలు: 1:35. బండి పేరు దగ్గర, మిలటరీ కాన్వాయ్, ఎనిమిది బండ్లు, వానలో అని రాశాను. కిట్ కంపెనీ దగ్గర గీత కొట్టాను. బండ్లు కనపడవు, దీపాలే కనపడతాయి అని రిమార్క్స్‌లో రాశాను.

పది నిమిషాల్లో అక్కణ్ణుంచి ఒకాయన ఫోన్. బండ్లు కనపడవంటే ఏంటమ్మా అని. వానండీ అన్నాను. బండ్లు లేకుండా మోడల్ ఎలా అవుతుందమ్మా అన్నాడు. బండ్లు ఉండాలని రూల్ ఎక్కడ రాశారో చూపించండి అన్నాను. వెతికినట్టున్నాడు. రాయలేదు. ఎవరికీ రాయాల్సిన అవసరం వచ్చి ఉండదు. సరే గానీ మెయిన్ టేబుల్ మీద చోటు లేదు, మెట్ల కింద ఇస్తాను అన్నాడు, నన్ను భయపెడుతున్నట్టు.

మెట్ల కింద చీకటిగా ఉంటుంది. నేను అడిగినా ఇంతకంటే మంచి చోటు ఇచ్చేవాడు కాదు.

ఏప్రిల్ 12, ఆదివారం

నల్లగుడ్డ తెచ్చాను. మూడు మీటర్ల పొడవు, జానెడున్నర ఎత్తు. కింది అంచే రోడ్డు. రోడ్డు మీంచి జీపు దీపం ఐదున్నర సెంటీమీటర్లు, లారీలవి ఎనిమిదిన్నర, రికవరీది తొమ్మిది దాటి. సుద్దతో చుక్కలు పెట్టాను.

గుడ్డకి తీగలు టేపుతో అంటిస్తుంటే అమ్మ చూసి ఓర్చుకోలేకపోయింది. ఏందే ఆ గోడ పోస్టర్ల పని, ఇటివ్వు అని లాక్కుంది. రెండు పొరల మధ్య పల్చగా దూది పరిచింది. రాగితీగని సూదిలో ఎక్కించి లోపలి పొరలోంచే నడిపించి, చుక్క దగ్గర మాత్రం పైకి తీసింది. తీగ ఎక్కడుందో నాకే కనపడలేదు. పైన నల్లదారంతో అడ్డంగా వాలుగా సన్నకుట్టు వేసుకుంటూ పోయింది. ఇదేందమ్మా అంటే, వాన అన్నావుగా అంది.

నిజంగా వానలా ఉంది. నాకు తట్టలేదు.

బండ్లేవే అని అడిగింది చివర్లో. చీకట్లో ఉన్నాయమ్మా అన్నాను. ఉంటే మంచిదే అని సూది పక్కన పెట్టింది.

ఏప్రిల్ 15, బుధవారం

రామకాంత్ ఫోన్. ఆన్‌లైన్‌లో లైట్లు తెప్పించాడట, ఎనిమిదీ కలిసి వెలుగుతున్నాయట, ఫస్ట్‌క్లాస్‌గా ఉందట. నా సంగతి ఎవరో చెప్పారట. మీ మంచికోరి చెబుతున్నా, ఉత్త గుడ్డ మీద లైట్లు పెడితే పెళ్ళి పందిరి అని నవ్వుతారు, ఈ ఏడాదికి వదిలేయండి అన్నాడు.

పెళ్ళి పందిరి మీ టేబుల్ మీద ఉందండీ అన్నాను.

ఫోన్ పెట్టేశాక సోల్డరింగ్ ఐరన్ ఆపేశాను. కోపంలో ఆ పని కుదరదు. అరగంట వంకాయలు తరిగాను. వంకాయ కూర బాగా వచ్చింది.

ఏప్రిల్ 21, మంగళవారం

ఒక్కో దీపానికి ఒక్కో చిప్, ఒక్కో లెక్క. టికెట్ వెనక ఉన్నవే. ఎనిమిదీ వెలిగాయి.

బొంత కింద అమ్మా నేనూ పక్కపక్కన కూర్చుని చూశాం. చివరిది ముసలిదానిలా ఉందే, నాలాగా అంది అమ్మ. రికవరీ బండి. పది సెకన్లకి పదకొండు.

నేను ఏడ్చాను. బొంత కింద కాబట్టి చెమట అనుకుని ఉంటుంది.

ఏప్రిల్ 25, శనివారం. ఉదయం 11.40. గుంటూరు

ఆరో దీపం వెలగడం లేదు.

నిన్న ఆరు గంటలు వెలిగింది. ఇప్పుడు లేదు. బ్యాటరీ మార్చాను. చిప్ చూశాను. జడ్జీలు పన్నెండున్నరకి మెట్ల కిందికి వస్తారట. సోల్డరింగ్ ఐరన్ తేలేదు. ఎందుకు తేలేదు? నా పని మీద నాకంత పొగరు.

11.55. తెలిసింది. తీగ తెగింది. కింది అంచు దగ్గర, కత్తెరతో కోసినట్టు నున్నగా. నాతో వచ్చిన అమ్మని చూశాను. అమ్మ అమాయకంగా, ఆ ఎర్రపోగు వేలాడుతుంటే పొద్దున మడతపెట్టేటప్పుడు నేనే కత్తిరించానే, నా చేతిలోంచి పోయే బొంతకి పోగులు వేలాడతాయా అంది.

సాయంత్రం 5.00. మిగతాది బస్సులో రాస్తున్నాను.

అమ్మ మీద అరిచాను. అందరి ముందూ. అది పోగు కాదమ్మా, తీగ, నెల రోజుల పని అని. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెట్ల కింద వాచ్‌మన్ కుర్చీ ఉంది, ఆయన లేచి ఆమెని కూర్చోబెట్టారు. ఖాకీ చొక్కా, తెల్ల మీసాలు, జేబు మీద ఏసుపాదం అని పేరు.

అరుపు విని రామకాంత్ వచ్చాడు. నేను వెళ్ళిపోమందామనుకునేలోపే వెనక్కి పోయి, తన డబ్బాలోంచి ఐరన్ తెచ్చి ప్లగ్గులో పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తి నేల మీద కూర్చున్నాడు. తీగ కొస ఎక్కడండీ అన్నాడు. కొస లోపలికి జారిపోయింది. దాన్ని పట్టుకోవాలంటే ఆరో దీపం చుట్టూ అమ్మ కుట్టిన వానంతా విప్పాలి. బ్లేడు తీశాను.

అప్పుడు ఏసుపాదం గారు మాట్లాడారు. మాతో కాదు, గుడ్డతో. ముందు జీపు, రెండు లారీలు, ట్యాంకరు, మళ్ళీ లారీ, అని దీపం దీపానికీ వేలు చూపించుకుంటూ వచ్చారు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. కార్డు మీద బండ్ల పేర్లు లేవు. ఐదో దీపం దాటాక వేలు గాలిలో ఆగిపోయింది. ఆరోది ఏదమ్మా అన్నారు. నేను జవాబు చెప్పేలోపే, ఆగిపోయింది కదా, మరి ఏడోది ఎందుకు పోతోంది, ఎవడు తోలుతున్నాడు ఆ బండి అన్నారు. గొంతు పెరిగింది. వెనక రికవరీ పెట్టుకుని ఆరో బండిని వానలో వదిలేసి పోతారా, మా రోజుల్లో అయితే తోలు తీసేవాళ్ళు అన్నారు. నిజంగా కోపం. మీసాలు అదిరాయి. ఇరవై రెండేళ్లు మిలటరీలో బండి తోలారట, అది తర్వాత చెప్పారు.

రామకాంత్ నా వైపు చూశాడు. నేను గుడ్డ వైపు చూశాను. ఐదో దీపానికీ ఏడో దీపానికీ మధ్య నల్లటి వానలో ఒక బండి ఉంది. నేను ఎంత సోల్డరింగ్ చేసినా అంత స్పష్టంగా కనపడి ఉండేది కాదు.

ఐరన్ ప్లగ్గు తీసేశాను. బ్లేడు బ్యాగులో వేశాను.

జడ్జీలు వచ్చారు. ఇద్దరు. బండ్లు ఎక్కడ అన్నారు. ఏసుపాదం గారు చెప్పబోతే, నువ్వు ఉండవయ్యా అన్నారు. కాగితం మీద మోడల్ లేదు, పరిగణించలేదు అని రాశారు. ఆ కాగితం నాకివ్వండి అని అడిగి తీసుకున్నాను. ఇదిగో, ఈ పేజీకి అంటించాను. నాకేం సిగ్గు లేదు. ఎనిమిది బండ్లు కళ్ళ ముందుంటే లేవు అన్నది వాళ్ళు.

వాళ్ళు వెళ్ళాక ఏసుపాదం గారు గుడ్డ దగ్గరికి వంగి, దీపాలు బాగున్నాయమ్మా, వాన ఎవరు కుట్టారు అని అడిగారు.

అమ్మ చెయ్యి ఎత్తలేదు. కార్డు వైపు చూసింది. ఆమెకి చదువు రాదు. ఏం రాశావే అందులో అని నన్ను అడిగింది.

చదివాను. కాన్వాయ్, వానలో. స్కేలు 1:35. నస్రత్, చిలకలూరిపేట.

బాగుందే అంది అమ్మ. మామూలుగా అంది.

ఒక్క లైను. మూడు వారాలు ఆ ఒక్క లైను కోసం ఒక మనిషికి గారు తీసేశాను. నేనేం తక్కువ తిన్నాను? అమ్మ కుట్టు నాకు టైరు, రంగు, యాక్సెసరీ. రామకాంత్ ఆ కార్డు చదివాడు. అమ్మ వేళ్ళు చూశాడు. అనాల్సిన మాట ఆయన నోట్లో ఉంది. అనలేదు. ఐరన్‌కి వైరు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ పక్క సీట్లో నిద్రపోతోంది. క్షమించమని ఎలా అడగాలో తెలీడం లేదు. అరవడం మాత్రం బాగా వచ్చు.

ఏప్రిల్ 26, ఆదివారం

అడిగాను. దేనికే అంది. నిజంగా తెలీకే అడిగింది.

ఏప్రిల్ 30, గురువారం

ఆరో దీపం బాగుచేయలేదు. చివరి దీపాన్ని విప్పి దాని పక్కకి తెచ్చాం. రికవరీ బండి చేరుకుంది.

కుట్టు అమ్మది. పోగులు వేలాడుతున్నాయి, కత్తెర నా దగ్గర ఉంది.

కార్డు కొత్తది. రెండు పేర్లు. జాన్‌బీ పైన.

రామకాంత్ గారు ఫోన్ చేశారు. టికెట్ వెనక లెక్కలు ఒకసారి చూపిస్తారా అన్నారు. రమ్మన్నాను, ముందు కార్డు మాట తేల్చుకుని రమ్మన్నాను. ఏసుపాదం గారిని కూడా పిలిచాను. గదిలో చోటు లేదు, అందరం బొంత కిందే కూర్చోవాలి.

దీపాలు మాత్రం కలిసి వెలగవు.